యూరప్ క్రూయిజ్ ఫోటోలు, కబుర్లు నలుగురికీ చూపించడం ఎలా: 3,800 ఫోటోల్ని 120కి దించిన పద్ధతి

పోయిన జూన్‌లో మేం ఐదుగురం, అంటే నేను, మా ఆయన, పాప, అత్తయ్య, మామయ్య, బార్సిలోనాలో షిప్ ఎక్కి 7 రాత్రులు మధ్యధరా సముద్రంలో తిరిగి మళ్లీ బార్సిలోనాలోనే దిగాం. దారిలో మార్సెయ్, జెనోవా, రోమ్‌కి రేవు అయిన సివిటావెక్కియా, పలెర్మో, మాల్టాలో వాలెట్టా, ఆ తర్వాత ఒక రోజంతా సముద్రమే. దిగేసరికి మూడు ఫోన్లు, ఒక కెమెరాలో కలిపి 3,800 ఫోటోలు తేలాయి. ఆ ఊపులో ఎయిర్‌పోర్ట్‌లో కూర్చునే ఫ్యామిలీ గ్రూప్‌లో 214 ఫోటోలు కుమ్మరించేశా. వచ్చిన రిప్లైలు ఏంటంటే రెండు బొటనవేళ్లు, ఒక "నైస్", మా వదిన (మా ఆయన వాళ్లక్క) నుంచి ఒక ప్రశ్న: "అమ్మ అన్ని రోజులూ అక్కడ ఏం తిన్నది?"

ఆ 214లో ఆ ప్రశ్నకి జవాబు లేదు. కొలోసియం 31 ఫోటోల్లో ఉంది, అత్తయ్య కంచం ఒక్కదాంట్లోనూ లేదు. నాకు చాలా చిన్నతనం అనిపించింది. తర్వాత రెండు వారాలు రాత్రిళ్లు కూర్చుని అంతా మళ్లీ మొదట్నుంచి చేశా, అప్పుడు తెలిసినవన్నీ ఇక్కడ వరసగా రాస్తున్నా. ఈ సమ్మర్‌కి వెళ్లేవాళ్లు స్టెప్ 1 నుంచి చదవండి, ఆల్రెడీ వెళ్లొచ్చి ఫోన్‌లో ఫోటోల గుట్ట పెట్టుకుని కూర్చున్నవాళ్లు డైరెక్టుగా స్టెప్ 6కి వెళ్లిపోండి.

స్టెప్ 1: బయల్దేరే ముందు ఫోన్‌లో చేయాల్సినవి

మొదట స్టోరేజ్. ఐఫోన్‌లో 4కే వీడియో సెకనుకి 30 ఫ్రేముల్లో తీస్తే నిమిషానికి దగ్గర దగ్గర 170 ఎంబీ తింటుంది, అదే 1080పీలో అయితే 60 ఎంబీ చాలు. ఫోన్‌లో, వాట్సాప్‌లో చూసేవాళ్లకి ఈ రెండిటికీ తేడా తెలియదు, కాబట్టి 1080పీకి మార్చేసుకోండి. నేను మార్చలేదు. ఫలితం, వాలెట్టా హార్బర్‌లోకి షిప్ మెల్లగా వెళ్తుంటే, రెండు పక్కలా తేనె రంగు కోటగోడలు ఇంత దగ్గరికి వచ్చేస్తుంటే, ఫోన్ "స్టోరేజ్ ఫుల్" అంది. గబగబా పాత వీడియోలు డిలీట్ చేశా, అయినా ఖాళీ రాలేదు, ఎందుకంటే ఐఫోన్‌లో డిలీట్ చేసినవి "రీసెంట్లీ డిలీటెడ్"లోకి వెళ్లి అక్కడ కూడా జాగా పట్టుకునే కూర్చుంటాయి, అక్కడ్నుంచి కూడా తీసేస్తేనే ఖాళీ అవుద్ది. ఆ కంగారులో మార్సెయ్‌ వీడియోలు రెండు శాశ్వతంగా పోయాయి.

రెండోది ఫోటో ఫార్మాట్. ఐఫోన్ మామూలుగా హెచ్‌ఈఐసీ అనే ఫార్మాట్‌లో తీస్తది, అది పాత ల్యాప్‌టాప్‌ల్లో, చాలా టీవీల్లో ఓపెన్ కాదు. సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్, అక్కడ "మోస్ట్ కంపాటిబుల్" పెట్టుకుంటే జేపెగ్‌లో తీస్తది. ఫోటోలకీ వీడియోలకీ సైజు దాదాపు రెట్టింపు అవుతుంది కానీ తర్వాత ఊళ్లో మామయ్య టీవీలో పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడు ఖాళీ స్క్రీన్ చూస్తూ కూర్చునే ఖర్మ తప్పుతుంది.

మూడోది ఎవ్వరూ చెప్పరు గానీ చాలా ఇంపార్టెంట్: కెమెరా గడియారం. ఫోన్లు యూరప్‌లో దిగగానే టైం వాటంతటవే మార్చుకుంటాయి, విడి కెమెరా మార్చుకోదు, ఇండియా టైంలోనే ఉండిపోతుంది. వేసవిలో స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీ, మాల్టా నాలుగూ మనకంటే మూడున్నర గంటలు వెనక. ఇంటికొచ్చి ఫోన్ ఫోటోలూ కెమెరా ఫోటోలూ ఒక ఫోల్డర్‌లో కలిపి టైం ప్రకారం సర్దితే మా ఆయన కెమెరాలో తీసిన టిఫిన్ మా ఫోన్లలోని లంచ్ తర్వాత వచ్చింది. దిగగానే కెమెరా టైం మార్చండి. మర్చిపోతే కెమెరాతో ఫోన్ స్క్రీన్ మీద ఉన్న గడియారాన్ని ఒక ఫోటో తీసి పెట్టుకోండి, ఎంత తేడా ఉందో దాన్నిబట్టి తర్వాత ల్యాప్‌టాప్‌లో అన్నిటినీ ఒకేసారి జరపొచ్చు.

ఇంకో రెండు చిన్నవి. కెమెరాలో గ్రిడ్ లైన్లు ఆన్ చేసుకోండి, లేకపోతే సముద్రం ప్రతి ఫోటోలోనూ ఒక పక్కకి కారిపోతున్నట్టు వస్తుంది. ఇంట్లోవాళ్ల ఫోన్లన్నిటికీ ఫోటో బ్యాకప్ ఆన్ చేసి, ఎంత ఖాళీ ఉందో చూసుకోండి. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అదీ జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నిటికీ కలిపి. ఫోటో 3 ఎంబీ వేసుకున్నా మా 3,800కి 11 జీబీ పైన, వీడియోలు కాకుండానే.

స్టెప్ 2: రోజు మొదటి ఫోటో కాగితానిది

క్రూయిజ్‌లో రోజూ ఆ రోజు ప్రోగ్రాం ఇస్తారు, ఏ పోర్ట్, ఎన్నింటికి ఆగుతుంది, మళ్లీ ఎన్నింటికల్లా అందరూ షిప్ ఎక్కేయాలి అని. కొన్ని షిప్పుల్లో కాగితం ఇస్తారు, కొన్నిట్లో యాప్‌లోనే. పొద్దున్నే దాన్ని ఫోటోనో స్క్రీన్‌షాటో తీయండి. ఇంటికొచ్చాక 3,800 ఫోటోల్లో ఈ కాగితం కనపడ్డ ప్రతిచోటా కొత్త ఊరు మొదలైనట్టు, పుస్తకంలో చాప్టర్ లాగన్నమాట. పైగా ఊళ్లో తిరుగుతున్నప్పుడు "ఎన్నింటికి వెనక్కి రమ్మన్నారు?" అని మామయ్య పదిసార్లు అడిగితే పదిసార్లు చూపించొచ్చు.

అలాగే తినే ముందు మెనూ కార్డు, బోర్డు ఏదుంటే అది తీయండి, ఆ తర్వాత ప్లేటు. నెల తర్వాత ఆ ప్లేట్లో ఉన్నదాని పేరేంటో గుర్తుండదు, నన్ను నమ్మండి.

స్టెప్ 3: ఏం తీయాలి

కొలోసియం తీయొద్దని అనట్లేదు, తీయండి, కానీ రెండు చాలు. మీకంటే బాగా, మంచి లెన్స్‌తో, తెల్లవారుజామున జనం లేనప్పుడు తీసినవాళ్లు లక్షమంది ఉన్నారు. మీ దగ్గర ఉండి వాళ్ల దగ్గర లేనిదల్లా మీ వాళ్లు ఆ ఊళ్లో ఏం చేశారు అనేదే.

దీనికి నాకు పాప ఫోన్ పాఠం చెప్పింది. 13 ఏళ్ల పిల్ల, చర్చిలూ కోటలూ అసలు పట్టించుకోలేదు, తిండి ఫోటోలు మాత్రం వరసగా తీసుకుంటూ పోయింది. ఇంటికొచ్చాక చూస్తే అందులో ఒక కథే దొరికింది. మార్సెయ్‌లో పనీస్ అని అమ్ముతారు, శనగపిండిని నీళ్లలో ఉడికించి, చల్లారాక ముక్కలు కోసి నూనెలో వేయిస్తారు. మర్నాడు జెనోవాలో ఫరినాటా, అదీ శనగపిండే, నీళ్లూ ఆలివ్ నూనే ఉప్పూ కలిపి ఇంత పెద్ద రాగి పళ్లెంలో పల్చగా పోసి కట్టెల అవెన్‌లో కాలుస్తారు, మన శనగపిండి అట్టుకి దగ్గర చుట్టం. తర్వాత పలెర్మోలో పనెల్లె, అదీ శనగపిండే, పల్చటి బిళ్లల్ని వేయించి నువ్వులు చల్లిన బన్నులో పెట్టి నిమ్మకాయ పిండి చేతికిస్తారు. అత్తయ్య శుద్ధ శాకాహారి, ఉల్లిపాయ తింటారు, గుడ్డు ముట్టుకోరు, ఆవిడ ఆ మూడు ఊళ్లల్లోనూ శనగపిండి మీదే బతికారు. పలెర్మోలో బల్లారో అనే బజారుంటుంది, మన రైతుబజార్ లాగే అరుపులూ కేకలూ, అక్కడ నిలబడి పనెల్లె కొరికి "వాము లేదు కానీ, లేకపోతే మన బజ్జీయే" అన్నారు. ఆ ఫోటోలో ఆవిడ చేతిలో సగం తిన్న బన్ను, భుజాన శాలువా, వెనకాల నిమ్మకాయల గుట్ట. వదిన అడిగిన ప్రశ్నకి జవాబు మొత్తం అందులో ఉంది.

కాబట్టి వెళ్లే ముందే ఇలాంటి దారం ఒకటి పట్టుకోండి. తిండి కావచ్చు, తలుపులు కావచ్చు, ప్రతి ఊళ్లో పెద్దాయన కూర్చున్న బెంచీ కావచ్చు. ప్రతి పోర్ట్‌లో అదొక్కటీ తప్పకుండా తీయండి, మిగతావి మీ ఇష్టం.

ఇక వెలుతురు, కెమెరా సంగతులు. జూన్‌లో బార్సిలోనాలో సూర్యుడు రాత్రి తొమ్మిదిన్నరకి దగ్గర్లో గానీ అస్తమించడు, అంటే మధ్యాహ్నం ఎండ చాలా సేపు తెల్లగా కొట్టేస్తూనే ఉంటుంది, మొహాల మీద నీడలు పడతాయి. మనుషుల ఫోటోలు నీడపట్టున తీయండి. సగ్రాదా ఫమీలియా లోపలికి వెళ్లేవాళ్లు టికెట్ టైం చూసి కొనండి. 1882లో మొదలుపెట్టిన ఆ చర్చిలో తూర్పు వైపు అద్దాలు నీలం ఆకుపచ్చ రంగుల్లో, పడమటి వైపువి ఎరుపు నారింజ రంగుల్లో ఉంటాయి, కాబట్టి పొద్దున వెళ్తే చల్లటి రంగు, సాయంత్రం వెళ్తే లోపలంతా నిప్పు పెట్టినట్టు వస్తుంది. మేం సాయంత్రం వెళ్లాం, అత్తయ్య తెల్లచీర మీద ఆ ఎర్ర వెలుగు పడ్డ ఫోటోకి ఏ ఫిల్టరూ వేయలేదు.

షిప్ పోర్ట్‌లోకి వెళ్లే టైం, బయల్దేరే టైం వదులుకోవద్దు. వాలెట్టా గ్రాండ్ హార్బర్ అయితే నిద్ర మానుకుని అయినా సరే పై డెక్‌కి వెళ్లండి. జెనోవాలో 1543 నాటి లాంతెర్నా లైట్‌హౌస్ కనపడుతుంది. డెక్ మీద గాలికి ఉప్పు తుంపర లెన్స్ మీద పడి ఫోటోలన్నీ మంచు పట్టినట్టు వస్తాయి, జేబులో మెత్తటి గుడ్డ పెట్టుకుని ప్రతి పది నిమిషాలకీ తుడవండి, చీర కొంగుతో అయినా పర్లేదు. ఏసీ కేబిన్ లోంచి ఒక్కసారిగా బయటికొస్తే లెన్స్ మసకబారుతుంది, ఐదు నిమిషాలు ఆగితే అదే పోతుంది. అద్దం వెనక నుంచి తీయాల్సి వస్తే ఫోన్‌ని అద్దానికి ఆనించి తీయండి, లేదంటే మీ పసుపు టీషర్టే సముద్రం మీద తేలుతూ కనిపిస్తది. రాత్రి కదిలే షిప్ మీద నైట్ మోడ్ పనిచేయదు, ఊరి దీపాలన్నీ సాగిపోయిన గీతల్లా వస్తాయి, దానికి ఆశ పెట్టుకోకండి.

రోమ్ వెళ్లినప్పుడు వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్‌లో ఫోటోలు నిషేధం, దొంగతనంగా తీసి గార్డ్ చేత అరిపించుకోవద్దు. ఫ్లాష్ ఏ చర్చిలోనూ వద్దు.

షిప్ వాళ్ల ఫోటోగ్రాఫర్లు గ్యాంగ్‌వే (షిప్ ఎక్కే, దిగే దారి) దగ్గర, డిన్నర్ దగ్గర మీ ఫోటోలు తీసి తర్వాత అమ్ముతారు. రేటు చూసి గుండె గుభేల్ మంటుంది. ఫార్మల్ నైట్‌ రోజు అందరూ పట్టుచీరల్లో సూట్లలో ఉన్నప్పుడు ఒక్కటి కొనుక్కోండి, ఐదుగురూ ఒకే ఫ్రేములో కళ్లు తెరిచి ఉన్న ఫోటో ట్రిప్ మొత్తానికి అదొక్కటే అయ్యే ఛాన్స్ ఉంది. మాకైతే అంతే.

స్టెప్ 4: రాత్రి పది నిమిషాల వాయిస్ నోట్

ఫోటో కళ్లకి గుర్తు చేస్తది గానీ ఎవరు ఏమన్నారో గుర్తు చేయదు. రాయడానికి ఓపిక ఉండదు, రోజుకి 15 వేల అడుగులు నడిచొచ్చి ఎవరు రాస్తారు చెప్పండి. అందుకే డిన్నర్ అయ్యాక కేబిన్‌లో మంచమ్మీద పడుకునే ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి తెలుగులో మాట్లాడేయండి, అందరూ ఒకరి మీద ఒకరు పడి మాట్లాడినా ఫర్వాలేదు. మూడు ప్రశ్నలు అడగండి: ఇవాళ దేనికి నవ్వొచ్చింది, దేనికి విసుగొచ్చింది, దేనికి ఎంతైంది.

మా వాలెట్టా రికార్డింగ్‌లోది ఒకటి చెప్తా. అక్కడ అప్పర్ బరాక్కా గార్డెన్స్ కింద ఫిరంగుల వరస ఉంది, రోజూ మధ్యాహ్నం 12కి ఒకటి పేలుస్తారు. పాతకాలంలో హార్బర్‌లో ఉన్న ఓడలవాళ్లు దాన్ని విని తమ గడియారాలు సరిచేసుకునేవాళ్లట. మామయ్య మాత్రం ట్రిప్ మొత్తం తన హెచ్‌ఎంటీ వాచీ టైం మార్చనివ్వలేదు, "మళ్లీ ఇంటికెళ్లాక తిప్పుకోవాలి, ఎందుకొచ్చిన గోల" అని. ఫిరంగి ఢామ్మంది, జనమంతా వీడియోలు తీస్తున్నారు, ఈయన చెయ్యి పైకెత్తి వాచీ చూసి "మూడున్నర, కరెక్టే" అన్నారు. ఆ మాట రాత్రి రికార్డు చేసుకోకపోతే ఇవాళ నాకు గుర్తుండేది కాదు, పొగ ఫోటో ఒకటి మిగిలేది అంతే.

స్టెప్ 5: షిప్ మీద నుంచే పంపాలా?

నా సలహా, రోజుకి ఒక్క ఫోటో, ఒక్క వాక్యం. "క్షేమంగా ఉన్నాం, ఇవాళ జెనోవా" అంతే. ఇంటి దగ్గరోళ్లకి కావాల్సింది కూడా అదే.

నడిసముద్రంలో మీ ఫోన్ ఊరి టవర్ వదిలేసి షిప్ సొంత నెట్‌వర్క్‌కి తగులుకుంటుంది, అది శాటిలైట్ మీద నడుస్తది, మామూలు రోమింగ్ ప్యాకులు చాలావరకు దానికి వర్తించవు, బిల్లు మోత మోగిపోద్ది. షిప్ కదలగానే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టేసి, కావాలంటే వైఫై మాత్రం ఆన్ చేసుకోండి. మేం షిప్ వైఫై ఒక్క ఫోన్‌కే కొన్నాం. మిగతా పనులన్నీ ఊళ్లల్లో దిగాక ఈసిమ్ (కార్డు వేయకుండా ఫోన్‌లోకి ఎక్కించుకునే సిమ్) మీద, నాలుగు దేశాలకీ పనిచేసే యూరప్ ప్యాక్ ఒకటి తీసుకుంటే సరిపోయింది. బ్యాకప్‌ని మాత్రం మొబైల్ డేటా మీద పెట్టకండి, మధ్యాహ్నానికే ప్యాక్ ఖతం. మేం రాత్రి రాత్రికీ ఓటీజీ పెన్‌డ్రైవ్‌లోకి (నేరుగా ఫోన్‌కే గుచ్చుకునేది) ఎక్కించుకున్నాం. సముద్రంలో ఉన్న రోజు తీరిగ్గా డూప్లికేట్లు తీసేయడానికి బాగా పనికొస్తుంది, ఆ రోజు ఎలాగూ బఫేకీ డెక్‌కీ మధ్య తిరగడం తప్ప పనేం ఉండదు.

స్టెప్ 6: ఏరడం

అసలు కష్టం ఇక్కడ ఉంది. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరాలి, ఒక్కసారి కూర్చుంటే అవదు, మూడు సార్లు కూర్చోండి.

మొదటిసారి ఆలోచించకుండా పోనివ్వండి: కదిలిపోయినవి, కళ్లు మూసుకున్నవి, ఒకే సీన్ ఏడుసార్లు తీసినవి. ఏడింట్లో ఒకటి ఉంచండి. మాకు 3,800 నుంచి 1,100కి దిగింది. ఒక జాగ్రత్త, గూగుల్ ఫోటోస్‌లో డిలీట్ కొడితే క్లౌడ్‌లోనూ ఫోన్‌లోనూ రెండు చోట్లా పోతుంది, మా మరిది ఒకసారి "ఫోన్‌లోదే కదా" అని కొట్టి పెళ్లి ఫోటోలు పోగొట్టుకోబోయాడు. బ్యాకప్ అయినవి బిన్‌లో 60 రోజులు ఉంటాయి కాబట్టి బతికిపోయాడు. మొత్తం ఒరిజినల్స్ ఒక హార్డ్‌డిస్క్‌లో కాపీ చేసుకున్నాకే ఏరడం మొదలుపెట్టండి.

రెండోసారి కూర్చునే ముందు వారం గ్యాప్ ఇవ్వండి. వారం తర్వాత మీకే "ఇదెందుకు తీశాను" అనిపించేవి బోలెడు ఉంటాయి. ఈసారి ప్రతి ఫోటోకీ ఒకటే ప్రశ్న, దీని గురించి చెప్పడానికి నా దగ్గర ఒక్క మాటైనా ఉందా? లేకపోతే పక్కకి. ఇక్కడ 300కి దిగాం.

మూడోసారి ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకోండి, ట్రిప్‌కి రానివాళ్లని. నేను పక్కింటి ఆవిడని కూర్చోబెట్టా. ఆవిడ ఎక్కడ ఆగి "ఇదేంటి?" అని అడిగిందో అవి ఉంచా, ఎక్కడ "ఊఁ, ఊఁ" అంటూ వేలితో జరిపేసిందో అవి తీసేశా. నేను ప్రాణం పెట్టి తీసిన ట్రెవీ ఫౌంటెన్ ఫోటో జరిపేసింది. షిప్ లాండ్రీ రూమ్‌లో మామయ్య పంచె ఆరేస్తున్న ఫోటో దగ్గర మాత్రం రెండు నిమిషాలు ఆగింది. లెక్క తేలితే 120.

స్టెప్ 7: క్యాప్షన్లు

"అమేజింగ్ రోమ్", "బ్లెస్డ్", "వెకేషన్ వైబ్స్" ఇలాంటివి రాయడం కంటే ఏమీ రాయకపోవడం నయం. క్యాప్షన్‌లో ఫోటోలో కనపడనిది ఒక్కటి ఉండాలి: ఎంతైంది, ఎంతసేపు పట్టింది, ఎవరు ఏమన్నారు, ముందు ఏం జరిగింది.

ఉదాహరణకి పాంథియన్ ఫోటోకి మొదట "రోమ్‌లో పాంథియన్, చాలా బాగుంది" అని రాశా. తర్వాత ఇలా మార్చా: "సివిటావెక్కియా నుంచి రోమ్‌కి రైల్లో గంట పైనే, నిలబడే వెళ్లాం. ఈ గుడి కప్పుకి నడిమధ్యలో ఇంత బెజ్జం ఉంది, దానికి అద్దం గిద్దం ఏమీ లేదు, వానొస్తే లోపలే పడుతుంది, నీళ్లు పోవడానికి నేలలో చిన్న చిన్న కన్నాలు. పాప పది నిమిషాలు ఆ కన్నాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది." చదివినవాళ్లు మళ్లీ ఫోటో చూసి నేల మీద కన్నాలు వెతుకుతారు.

బాగోని సంగతులు కూడా రాయండి. అందరూ అంతా బాగుందనే రాస్తారు, దాంతో మన తర్వాత వెళ్లేవాళ్లకి ఉపయోగం ఉండదు. మూడో రోజు రాత్రి అలలు ఎక్కువై అత్తయ్యకి కడుపులో తిప్పింది, పొద్దున పెరుగన్నం కావాలన్నారు, బఫేలో అన్నం ఉంది, యోగర్ట్ ఉంది, ఉప్పు కలిపి పెట్టాం, పక్కన మేం తీసుకెళ్లిన సీల్డ్ ప్యాకెట్ కరివేపాకు పొడి. దానికి వచ్చినన్ని కామెంట్లు ఏ పెద్ద చర్చి ఫోటోకీ రాలేదు.

పేర్లు తెలుగులోనే రాయండి, కానీ అక్కడివాళ్లు పలికినట్టు. బోర్డుల మీద స్పెల్లింగ్ చూసి చదివితే మార్సెయ్ కాస్తా మార్సెయిల్లెస్ అయిపోతుంది. టైప్ చేయడం బద్ధకమైతే కీబోర్డులో మైక్ నొక్కి తెలుగులో చెప్పండి, తప్పులు దిద్దుకుంటే చాలు.

స్టెప్ 8: ఎవరికి ఏది

అందరికీ అన్నీ పంపడమే నేను చేసిన పెద్ద పొరపాటు. ఇప్పుడు ఇలా విడగొట్టా.

ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌కి రోజుకి ఒక ఊరు, ఊరికి ఐదు ఫోటోలు, ఐదింటికీ క్యాప్షన్లు, రాత్రి భోజనాలయ్యాక ఎనిమిదిన్నరకి. సీరియల్ లాగా నడిచింది, "రేపు ఏ ఊరు?" అని అడగడం మొదలెట్టారు. వాట్సాప్ ఫోటోల సైజు బాగా తగ్గించేస్తది, పంపేటప్పుడు పైన హెచ్‌డీ నొక్కండి. ప్రింట్ తీయించుకుంటామన్నవాళ్లకి మాత్రం డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు ఒరిజినల్ ఒరిజినల్‌గానే వెళ్తుంది, అయితే ఫోటో ఎక్కడ తీశారనే లొకేషన్ కూడా దానితోపాటే వెళ్తుందని గుర్తుపెట్టుకోండి. 4 బై 6 ప్రింట్ శుభ్రంగా రావాలంటే కనీసం 1800 బై 1200 పిక్సెల్స్ ఉండాలి, స్టూడియోకి వాట్సాప్‌లో వచ్చిన ఫోటో ఫార్వర్డ్ చేసి "మసగ్గా వచ్చింది" అని గొడవ పడేవాళ్లని చూశా.

దగ్గర స్నేహితులకి, ట్రిప్ ప్లాన్ చేసుకుంటున్నవాళ్లకి గూగుల్ ఫోటోస్ ఆల్బమ్ లింక్. మొత్తం 120, ఊళ్ల వరసలో. ఆల్బమ్ మధ్యమధ్యలో టెక్స్ట్ పెట్టుకోవచ్చు, ప్రతి ఊరికీ ముందు రెండు మూడు లైన్లు రాశా, పోర్ట్ నుంచి ఊళ్లోకి ఎలా వెళ్లాం, ఎంతైంది, పెద్దవాళ్లు నడవగలరా. అందరూ అడిగేది వీసా గురించి కాబట్టి అదీ మొదట్లోనే రాసిపెట్టా: మేం వెళ్లిన నాలుగు దేశాలూ షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు) లోవే, నాలుగింట్లోనూ యూరోనే, ఒక్క వీసాతో అయిపోయింది, అదే రూట్‌లో మధ్యలో ట్యునీషియానో టర్కీనో తగిలితే షెంగెన్ దాటి మళ్లీ లోపలికి రావాలి కాబట్టి మల్టిపుల్ ఎంట్రీ ఉండాలి. ఇది రాశాక పర్సనల్‌గా ఫోన్లు సగం తగ్గాయి.

ఇన్‌స్టా, ఫేస్‌బుక్‌కి పది ఫోటోలు, ఒక చిన్న రీల్. నేను శనగపిండి కథ ఒక్కటే పెట్టా, మూడు ఊళ్లు, మూడు ప్లేట్లు, చివర్లో అత్తయ్య వాము డైలాగ్. నా మిగతా పోస్టులన్నీ కలిపినా అంత మంది చూడలేదు.

ఇక ఊళ్లో పెద్దవాళ్లకి టీవీ. వాళ్లు లింకులు నొక్కరు, ఫోన్‌లో చిన్నగా కనిపిస్తే కళ్లజోడు వెతుక్కోవడంతోనే సరిపోతుంది. పెన్‌డ్రైవ్‌లో ఒకే ఫోల్డర్, జేపెగ్ మాత్రమే, పేర్లు 001, 002 అని నంబర్లతో, లేకపోతే టీవీ దానిష్టం వచ్చిన వరసలో చూపిస్తది. ముందుగా మీ ఇంట్లో టీవీలో ఒకసారి పెట్టి చూసుకోండి. స్లైడ్‌షో ఆటోమేటిక్ పెట్టకండి, రిమోట్ వెళ్లొచ్చినవాళ్ల చేతిలో పెట్టండి. మామయ్య 120 ఫోటోలకి రెండున్నర గంటలు తీసుకున్నారు, మధ్యలో రెండుసార్లు టీలు, ఫిరంగి ఫోటో దగ్గర ఆపి వాచీ చూపించి మరీ.

పెట్టకూడనివి

ఇల్లు తాళం వేసి ఉన్న వారం రోజులూ "ఇప్పుడు ఇక్కడ ఉన్నాం" అని పబ్లిక్‌గా పెట్టకండి, వచ్చాక పెట్టుకోవచ్చు, ఫోటోలేం పాచిపోవు. పాస్‌పోర్ట్, వీసా స్టిక్కర్, బోర్డింగ్ పాస్, షిప్ కార్డు ఎక్సైట్‌మెంట్‌లో ఫోటో తీసి పెట్టేస్తుంటారు, వాటి మీద ఉన్న నంబర్లూ బార్‌కోడ్‌లూ ఎవడో ఒకడికి పనికొస్తాయి. కేబిన్ నంబర్ కనపడే తలుపు కూడా వద్దు. స్విమ్మింగ్ పూల్ దగ్గర పక్కవాళ్ల పిల్లలు, ఎండకి పడుకున్నవాళ్లు ఫ్రేములోకి వస్తే ఆ ఫోటో మీ దగ్గరే ఉంచుకోండి. మన కేబిన్ సర్దిన అబ్బాయితో, వడ్డించిన అమ్మాయితో సెల్ఫీ దిగితే పోస్ట్ చేయొచ్చా అని అడగండి. మా టేబుల్ దగ్గర వడ్డించినతను "ఫోటో ఓకే, పోస్ట్ వద్దు" అన్నాడు, తీసి అతనికే పంపించాం. ఇమిగ్రేషన్ కౌంటర్ల దగ్గర కెమెరా బయటికే తీయొద్దు.

లింక్ ఎవరి చేతికెళ్తే వాళ్లు ఆల్బమ్ చూడగలరు, ఫార్వర్డ్ అయితే మన కంట్రోల్‌లో ఉండదు. అందుకని షేర్ చేసేటప్పుడు లొకేషన్ ఆఫ్ చేసి, రెండు మూడు నెలలయ్యాక ఆ షేరింగ్ ఆపేయడం మంచిది. నేను సెప్టెంబర్‌లో ఆపేశా. మర్నాడు పొద్దున్నే వదిన ఫోన్: "ఆ పలెర్మో శనగపిండి ఫోటో కనపడట్లేదేంటి, పిండి కలిపి కూర్చున్నా, ఎంత మందం కోయాలో చూద్దామంటే." మళ్లీ లింక్ పంపించా, వాము వేయమని కూడా చెప్పా.